పార్కులో ఊయల తెగితే బాధ్యత ఎవరిది?

కాలనీ పార్కులో ఊయల కొక్కెం ఊడి ఆరేళ్ళ పాప కిందపడి మోచెయ్యి విరిగింది అనుకుందాం. అక్కడ మొట్టమొదట వినపడే మాట, "పిల్లని తెచ్చినవాళ్ళు చూసుకోవాలి కదండీ." మర్నాడు మునిసిపల్ ఆఫీసుకి వెళ్తే "మెయింటెనెన్సు కాంట్రాక్టరుది" అంటారు. కాంట్రాక్టరుని అడిగితే "గేటూ, ఊడ్పూ వరకే నావి, పరికరాలు ఇంజనీరింగు సెక్షన్ వాళ్ళవి" అంటాడు. ఈలోగా ఎవరో వచ్చి కొత్త కొక్కెం బిగించి పోతారు. పాతది పాత ఇనుప సామాన్ల కొట్టుకి చేరుతుంది. కేసుకి అసలు ఆధారం ఆ కొక్కెమే.

ఆ మూడు జవాబుల్లో ఒక్కటీ కోర్టులో పూర్తిగా నిలిచేది కాదు. అయినా ఎక్కువ కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. ఆ పార్కు ఎవరి చేతిలో ఉంది, ఆ లోపం వాళ్ళకి తెలుసా, తెలియకపోతే తెలుసుకుని ఉండాల్సిందా అన్న ప్రశ్నల చుట్టూనే వ్యవహారమంతా తిరుగుతుంది. వీటిలోనూ కేసు గెలిపించేది, ఓడించేది ఎక్కువగా రెండోది, మూడోది.

రెండు చెట్ల కథ

ప్రభుత్వ స్థలంలో నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలితే ఇంత పరిహారం ఇవ్వాలని చెప్పే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. ఈ న్యాయమంతా తీర్పుల్లోంచి పెరిగింది. జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత ఉందని, అది తప్పారని, ఆ తప్పు వల్లే దెబ్బ తగిలిందని బాధితుడు చూపించాలి. మాటల్లో తేలికే. ఇందులో మెలిక ఎక్కడుందో సుప్రీంకోర్టు రెండేళ్ళ తేడాతో ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు ఉన్నట్టుండి కూలి, దారిన పోతున్న మనిషి చనిపోయాడు. 1997లో సుప్రీంకోర్టు అక్కడి కార్పొరేషన్‌ది తప్పు కాదంది. ఆ చెట్టు పడిపోయే స్థితిలో ఉందని వాళ్ళకి తెలుసని గాని, తెలుసుకుని ఉండాల్సిందని గాని రుజువు కాలేదు. ఢిల్లీలో స్కూటర్ మీద వెళ్తున్న ఇంకో మనిషి తల మీద చెట్టు కొమ్మ విరిగిపడి అతనూ చనిపోయాడు. 1999లో అదే కోర్టు ఢిల్లీ కార్పొరేషన్‌నే బాధ్యుల్ని చేసింది. చెట్టు ఎండిపోయి ఉంది, ఆ సంస్థకి ఉద్యానవన విభాగం ఉంది, తిరిగి చూసుకుంటే కనపడేదే.

రెండు చోట్లా చెట్టే, రెండు చోట్లా చావే. తేడా వచ్చింది తెలియడం దగ్గర. అందుకే పార్కు పరికరం మీద మూడు నెలల కిందట ఎవరో ఇచ్చిన ఫిర్యాదు కాగితం, దాని మీద పడ్డ తేదీ ముద్ర, ఎంత మంచి లాయరు వాదన కన్నా గట్టిగా పనిచేస్తుంది.

కొన్నిసార్లు ఆ కాగితం కూడా అక్కర్లేదు. గంటస్తంభం అంటే విజయనగరం వాళ్ళకి ఊరి నడిబొడ్డు గుర్తొస్తుంది. లాయర్లకి మాత్రం 1951లో ఢిల్లీ చాందినీచౌక్‌లో కూలిన గడియారస్తంభం గుర్తొస్తుంది. అది 80 ఏళ్ళ కట్టడం. వాడిన సున్నాన్ని బట్టి పై అంతస్తు ఆయుష్షు 40, 45 ఏళ్ళేనని తేలింది. స్తంభం దానంతటది కూలదు కాబట్టి కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని, లోపం పైకి కనపడేదైనా లోపల దాగినదైనా యజమానిదే బాధ్యతని 1966లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్కులో ఓపెన్ జిమ్ స్తంభం మొదలంటా విరిగినా, ఆర్చి కూలినా వాదన ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. తాము ఏమేం జాగ్రత్తలు తీసుకున్నారో చెప్పుకోవాల్సిన భారం అప్పుడు అవతలివాళ్ళ మీద పడుతుంది.

"ప్రభుత్వం మీద దావా నడవదు" అన్నది పాత మాట. 1994లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు దాన్ని బాగా కుదించింది. యుద్ధం, శాంతిభద్రతలు, న్యాయపాలన లాంటి పనులకి ఆ రక్షణ ఉండొచ్చు గానీ, పార్కు నడపడానికి ఆ ముసుగు చాలదు. "నిధుల్లేవు" అన్న జవాబుకి అంతకన్నా ముందే, 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో తలుపు మూసుకుపోయింది. చట్టం అప్పగించిన కనీస బాధ్యతకి డబ్బు లేకపోవడం సాకు కాదని ఆ తీర్పు.

తెలుసుకుని ఉండాల్సింది ఏమిటి

చూస్తే కనపడేదే అని వాదించాలంటే ఏం చూడాలో మనకీ తెలియాలి. ఊయలనే తీసుకోండి. గొలుసు పైకొన దూలానికి తగిలే చోట 'ఎస్' ఆకారపు కొక్కెం ఉంటుంది. ఏళ్ళ తరబడి రాపిడికి దాని లోపలి వంపు అరిగి సన్నబడుతుంది. బరువుకి కొక్కెం నోరు కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. నోరు పూర్తిగా మూసుకుని ఉండాలి, ఏటీఎం కార్డు మందం కూడా దూరకూడదు. కొత్త కొక్కెం పక్కన పెట్టి చూస్తే అరుగుదల కంటికే తెలుస్తుంది. ఇది రాత్రికి రాత్రి వచ్చేది కాదు. కాబట్టి "నిన్నటిదాకా బాగానే ఉంది" అన్న మాటకి అరిగిన కొక్కెం ఫొటోయే జవాబు.

రెండోది పాదం. ఇనుప గొట్టం కాంక్రీటులోకి దిగే చోట వాన నీరు నిలుస్తుంది. పైన ఏటేటా రంగు వేస్తారు గానీ, తుప్పు తినేది నేలకి ఆనుకుని ఉన్న ఆ రెండంగుళాల్నే. కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి సముద్రపుగాలి తగిలే చోట్ల ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. చిన్న సుత్తితో తట్టితే గట్టి గొట్టం ఖంగుమంటుంది, తిన్నది బొదబొదలాడుతుంది. స్క్రూడ్రైవరు మొన గుచ్చుకుంటే ఆ పరికరం ఆ రోజే మూసెయ్యాలి.

మూడోది నేల. మన పార్కుల్లో ఎక్కువ పట్టించుకోనిదీ, ఎక్కువ ఎముకలు విరగ్గొట్టేదీ ఇదే. జారుడుబల్ల దిగే చోట, ఊయల కింద సిమెంటు పలకలు పరవడం అందం కోసం చేసే పని. పిల్లలు పడతారన్నది ముందే తెలిసిన సంగతి, కాబట్టి పడే చోటు మెత్తగా ఉండాలి. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ఆటస్థలాల మార్గదర్శకాల లెక్క ప్రకారం 9 అంగుళాల ఇసుక పరిచినా అది సుమారు 4 అడుగుల ఎత్తు నుంచి పడే పిల్లనే కాపాడుతుంది. పరికరం చుట్టూ 6 అడుగుల మేర గట్టి వస్తువేదీ ఉండకూడదు. ఊయలకైతే దూలం ఎత్తుకి రెట్టింపు దూరం ముందూ, వెనకా ఖాళీ వదలాలి. దూలం 8 అడుగుల ఎత్తులో ఉంటే ముందుకి 16, వెనక్కి 16 అడుగులు. రెయిలింగు కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాల నుంచి 9 అంగుళాల లోపు ఉండకూడదన్నది ఇంకో లెక్క. ఆ సందులో పిల్ల ఒళ్ళు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. ఇవి మన కోర్టుల్ని కట్టిపడేసే అంకెలు కావు. అయినా జాగ్రత్త అంటే ఏమిటని జడ్జి అడిగినప్పుడు చేతిలో కొలమానం ఉండటం వేరు, ఉత్త చేతులతో నిలబడటం వేరు.

కరెంటు సంగతి పూర్తిగా వేరు. పార్కు లైటు స్తంభం, ఫౌంటెన్ మోటారు, అలంకరణ దీపాల తీగ వల్ల షాకు కొడితే, విద్యుత్ సరఫరా సంస్థ నిర్లక్ష్యం ఉందా లేదా అన్న చర్చే అక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు శైల్‌కుమారి కేసులో చెప్పింది. ప్రమాదకరమైన వస్తువుని పంపిణీ చేసేవాళ్ళదే బాధ్యత. అయితే తీగ విద్యుత్ సంస్థదా, మీటరు దాటాక పార్కు లోపలిదా అన్నది ముందే తేల్చుకోవాలి. లోపలిదైతే పార్కు నడిపేవాళ్ళు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టారా, ఎర్తింగు ఎప్పుడు పరీక్షించారు అన్నవే మొదటి ప్రశ్నలు.

పది రూపాయల టికెట్టు

గేటు దగ్గర టికెట్టు కొంటే ఆ చీటీని పారెయ్యకండి. టికెట్టు కొన్నవాళ్ళు వినియోగదారులు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాళ్ళు జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. ఉచితంగా ఇచ్చే సేవ ఆ చట్టం కిందికి రాదు, కాబట్టి ఫ్రీ పార్కులో దెబ్బ తగిలినవాళ్ళకి ఆ తలుపు లేదు, సివిల్ కోర్టే దారి. ప్రభుత్వ సంస్థలు కూడా సేవ అందించేవాళ్ళే అవుతారని 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తేలిపోయింది.

ఈ తేడా వల్ల ఎంత ఒరుగుతుందంటే, కమిషన్‌లో అయితే, సేవకి మనం కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సివిల్ దావాకి అడిగిన పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. పలాస నుంచి వచ్చిన కుటుంబానికి విజయనగరంలో దెబ్బ తగిలినా, వాళ్ళు ఉండే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. సివిల్ దావా అయితే ఘటన జరిగిన చోటికో, ప్రతివాది ఉన్న చోటికో వెళ్ళాలి. తాటిపూడి లాంటి చోట పడవ షికారుకి, ఈత కొలనుకి, తీర్థంలో రంగులరాట్నానికి కొనే టికెట్టు వెనక ఇంత ఉంది.

కాంట్రాక్టరుకి ఇచ్చేశాం

ఇది ఎక్కువసార్లు వినపడే మాట, ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ ఇదే. నిర్వహణ అప్పగించొచ్చు. జనం క్షేమం చూసే బాధ్యత మాత్రం అప్పగించడంతో పూర్తిగా చేతులు మారదు. ఏం అప్పగించారు, ఎవరిని ఎంచుకున్నారు, అప్పగించాక ఎవరు తనిఖీ చేశారు అన్నవి మిగిలే ఉంటాయి.

మోర్బీలో 2022 అక్టోబరు 30న వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. మరమ్మతుల తర్వాత నాలుగు రోజుల కిందటే దాన్ని తెరిచారు. నిర్వహణ ప్రైవేటు కంపెనీది, వంతెన పురపాలక సంఘానిది. వడోదర హర్నీ చెరువులో 2024 జనవరి 18న పడవ తిరగబడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అక్కడా చెరువు కార్పొరేషన్‌ది, నడిపింది కాంట్రాక్టరు. రెండు చోట్లా గుజరాత్ హైకోర్టు కాంట్రాక్టరుతో ఆగలేదు, పాలక సంస్థనీ నిలదీసింది.

అలాగని పాలక సంస్థ ప్రతిసారీ దొరుకుతుందని అనుకోవద్దు. 1997లో 59 మందిని బలిగొన్న ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో 2011లో సుప్రీంకోర్టు పరిహారం బాధ్యతని 85 శాతం థియేటర్ యజమాని మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద వేసి, కార్పొరేషన్‌నీ లైసెన్సు ఇచ్చిన అధికారినీ వదిలేసింది. లైసెన్సు ఇవ్వడం వేరు, స్థలాన్ని చేతిలో ఉంచుకోవడం వేరు. మన పార్కు విషయంలో స్థలం కార్పొరేషన్‌దే అయితే వాదన బలంగా ఉంటుంది. ప్రైవేటు స్థలంలో ప్రైవేటువాళ్ళు నడిపే గేమ్ జోన్‌కి కేవలం అనుమతి ఇచ్చి ఉంటే బాగా బలహీనం.

అందుకే నోటీసు అందరికీ పంపాలి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఇప్పుడు నగరపాలక సంస్థలు, జనం నోట మునిసిపాలిటీయే అయినా. నోటీసు మీద కమిషనర్ హోదా సరిగ్గా రాయాలి. పట్టణాభివృద్ధి సంస్థ వేసిన పార్కైతే ఆ సంస్థకి, స్టేడియం అయితే క్రీడా ప్రాధికార సంస్థకి, సముద్రతీరం రిసార్టు అయితే పర్యాటక సంస్థకి, కాంట్రాక్టరు ఎవరైతే వాళ్ళకీ పంపాలి.

తీర్థాలు, సంబరాల్లో రాట్నాల సంగతి ఇంకా చిక్కు. స్థలం పంచాయతీదో దేవస్థానానిదో, వేలం పాడుకున్నది ఒకరు, రాట్నం తెచ్చింది వేరే ఊరివాళ్ళు, నడిపేది దినకూలి కుర్రాడు. మూడు రోజుల్లో డేరా ఎత్తేస్తారు. పోయిన మనిషిని వెతికి నోటీసు ఇవ్వడం అయ్యే పని కాదు. కాబట్టి ఆ రోజే వేలం రసీదు ఎవరి పేరున ఉందో, ఏ శాఖ అనుమతి ఇచ్చిందో, జనరేటరు ఎవరిదో రాసుకోవాలి. రాట్నం పాదాల కింద చెక్క దిమ్మలు వాన తర్వాత కుంగాయా, తొట్టె గొళ్ళేనికి సేఫ్టీ పిన్ను ఉందా, దాని బదులు మేకో తీగో దూర్చారా అన్నవి ఫొటో తీయాలి. పిన్ను బదులు మేకు ఉందంటే చాలు, మిగతా వాదన సగం తగ్గుతుంది.

మీ తప్పూ ఉందంటే

పెద్దవాళ్ళ సొంత తప్పు పరిహారాన్ని తగ్గిస్తుంది, అంతేగాని దానంతట మొత్తం పోగొట్టదు. పిల్లల ఊయల మీద 70 కిలోల మనిషి ఎక్కితే కొంత కోత తప్పదు. పిల్లల విషయంలో కోర్టులు వేరేగా చూస్తాయి. 1922 నాటి స్కాట్లండు గ్లాస్గో కేసులో నగర ఉద్యానవనంలో విషపు పళ్ళు తిని ఏడేళ్ళ పిల్లాడు చనిపోయాడు. పిల్లల్ని ఊరించే పళ్ళ మొక్కకి సరైన కంచెగాని, హెచ్చరికగాని లేకపోవడం నగర పాలకుల మీద కేసుకి ఆధారమవుతుందని అక్కడి కోర్టు చెప్పింది. నీళ్ళ ట్యాంకు మెట్లు, తెరిచిన గొయ్యి, మూతలేని మ్యాన్‌హోలు అలాంటివే. తల్లిదండ్రుల బాధ్యత సున్నా అని దీనర్థం కాదు. 1955లో ఇంగ్లండులో ఇంకో కేసులో ఐదేళ్ళ పిల్లాడు కందకంలో పడితే, అంత చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలరని అనుకోవడంలో తప్పులేదని కోర్టు తోసిపుచ్చింది. మన కోర్టుల్ని ఇవి కట్టిపడెయ్యవు, కానీ వాదనల్లో వినపడుతూనే ఉంటాయి.

నీళ్ళ దగ్గర గీత ఇంకా పల్చన. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర లోతుకి దిగి కొట్టుకుపోయిన పెద్దమనిషి కేసు కష్టం. ప్రకృతిలోనే ఉన్న, అందరికీ తెలిసిన ప్రమాదం అది. 2003లో ఇంగ్లండులో పార్కు చెరువులో దూకి మెడ విరిగిన 18 ఏళ్ళ కుర్రాడి కేసుని అత్యున్నత న్యాయస్థానం ఈ కారణంతోనే కొట్టేసింది. కానీ అదే చోట టికెట్టు తీసుకుని స్నానఘట్టమో పడవో నడుపుతూ గజ ఈతగాళ్ళని పెట్టకపోతే, లైఫ్ జాకెట్లు లేకుండా ఎక్కిస్తే, అది ప్రకృతి తప్పు కాదు.

"మీ సొంత పూచీ మీద ప్రవేశించండి" అన్న బోర్డు సంగతేమిటని చాలామంది అడుగుతారు. బోర్డు హెచ్చరికగా పనికొస్తుంది. 'లోతు 8 అడుగులు, ఈత రానివారు దిగరాదు' అన్న బోర్డుకి విలువుంది. కొక్కెం అరిగిపోయిందని చెప్పని బోర్డు, కొక్కెం తెగినందుకు రక్షణ ఇవ్వదు. మనకి తెలియని ప్రమాదానికి మనం ఒప్పుకున్నట్టు కాదు.

మొదటి వారం

ముందు వైద్యం. ఆస్పత్రిలో "ఇంట్లో పడిపోయింది" అని ఎవరూ రాయించకండి. గొడవెందుకని అలా చెప్పేవాళ్ళు చాలామంది, ఆ ఒక్క వాక్యం మొత్తం కేసుని ముంచుతుంది. ఏ పార్కులో, ఏ పరికరం మీద, ఎన్ని గంటలకి అన్నది ప్రమాద రిజిస్టరులో ఎక్కాలి. మెడికో లీగల్ కేసుగా నమోదు చెయ్యమని అడగాలి. శ్రీకాకుళం రిమ్స్ నుంచో విజయనగరం నుంచో విశాఖ కేజీహెచ్‌కి రాస్తే ఆ రిఫరెన్సు చీటీ, ఎక్స్‌రే ఫిల్ములు మీ దగ్గరే ఉంచుకోండి.

అదే సాయంత్రం ఎవరో ఒకరు పార్కుకి వెళ్ళి ఫొటోలు తీయాలి. దూరం నుంచి ఒకటి, పార్కు పేరు బోర్డుతో ఒకటి, విరిగిన చోటు దగ్గరగా, పక్కన టేపో రూపాయి బిళ్ళో పెట్టి. వీడియో తీస్తూ తేదీ చెప్పండి. అక్కడున్న ఇద్దరు ముగ్గురి పేర్లు, నంబర్లు తీసుకోండి. పాత కొక్కెం తీసుకుపోవద్దని, భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితం ఉండగా అది మాయమైతే, మాయమవడమే వాళ్ళకి ఎదురుతిరుగుతుంది.

పోలీసు ఫిర్యాదు సంగతి. ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత 116 ప్రకారం అది తీవ్రగాయం. నిర్లక్ష్యంతో తీవ్రగాయానికి 125 కింద మూడేళ్ళ వరకూ, ప్రాణం పోతే 106 కింద అయిదేళ్ళ వరకూ శిక్ష ఉంది. నేరం కేసు పెట్టినంత మాత్రాన పరిహారం రాదు. కానీ పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు అందులోంచే వస్తాయి.

వారంలోపు సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. జిల్లా స్థాయి ఆఫీసులకి 10 రూపాయలు, మండల స్థాయికి 5, పంచాయతీకి ఫీజు లేదు. జవాబుకి 30 రోజులు. నిర్వహణ ఒప్పందం కాపీ, ఆ పరికరం కొన్న బిల్లు, ఎం-బుక్‌లో (చేసిన పనుల కొలతలు రాసే పుస్తకం) దాని మరమ్మతు పేజీలు, ఏడాదిగా వచ్చిన ఫిర్యాదులు, తనిఖీ రిజిస్టరు, బీమా పాలసీ అడగాలి. "తనిఖీ రిజిస్టరు లేదు" అన్న జవాబు వస్తే నిరాశపడకండి. అంతకన్నా పనికొచ్చే జవాబు లేదు.

ఎవరైనా పరామర్శకి వచ్చి డబ్బిచ్చి సంతకం అడిగితే చదివి పెట్టండి. ఎక్స్‌గ్రేషియా పరిహారం కాదు, తీసుకున్నా దావా పోదు. "ఇకపై ఎలాంటి క్లెయిము ఉండదు" అన్న వాక్యం కింద సంతకం పెడితే మాత్రం పోరాటం కష్టమవుతుంది.

గడువులు

ఇక్కడే ఎక్కువ కేసులు చచ్చిపోతాయి. వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళు. మామూలు సివిల్ దావాకి మూడేళ్ళు. మనిషి చనిపోతే కుటుంబం వేసే దావాకి చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళు. మైనరైతే 18 నిండాక లెక్క మొదలవుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చట్టం అప్పగించిన పనిలో జరిగిన తప్పని అవతలివాళ్ళు వాదిస్తే గడువు ఏడాదికి పడిపోవచ్చు. నగరపాలక చట్టంలో ముందస్తు నోటీసు, ఇంకా పొట్టి గడువు కూడా ఉన్నాయి. ప్రభుత్వం మీదైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. కాబట్టి మూడేళ్ళుంది కదా అని కూర్చోకండి. నెలలోపు నోటీసు, ఆరు నెలలలోపు దావా అన్న లెక్కతో నడిస్తే ఏ వాదనా గడువు మీద మిమ్మల్ని పడగొట్టదు.

ఖర్చుకి భయపడేవాళ్ళు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళొచ్చు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. హైకోర్టులో రిట్ వేసి పరిహారం అడగొచ్చు గానీ, ఎలా జరిగిందన్న దాని మీదే వివాదం ఉంటే "సివిల్ కోర్టుకి పొండి" అనే అవకాశం ఎక్కువ.

పరిహారం ఎంత అన్నదానికి కోర్టులు ఎక్కువగా మోటారు ప్రమాదాల లెక్కనే గీటురాయిగా వాడతాయి. నెలకి 15,000 సంపాదించే 34 ఏళ్ళ వడ్రంగికి కుడిచేతి దెబ్బ వల్ల సంపాదనలో 20 శాతం పోయిందనుకుందాం. ఏడాదికి 1,80,000. భవిష్యత్తు పెరుగుదలకి 40 శాతం కలిపితే 2,52,000. అందులో 20 శాతం 50,400. ఆ వయసుకి గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చవేసే అంకె) 16. మొత్తం 8,06,400. సొంత తప్పు పాతిక శాతం ఉందంటే 6,04,800. వైద్యం ఖర్చు, నొప్పికి ఇచ్చేది వేరే. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఆ 20. డాక్టరు సర్టిఫికెట్లో చేతికి 15 శాతం వైకల్యం అని ఉండొచ్చు, కానీ రంపం పట్టే మనిషికి అది సంపాదనలో ఎంత నష్టమన్నది వేరే లెక్క. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే వివరించింది. చెయ్యి ఏ పని చెయ్యలేకపోతోందో డాక్టరు చేత కోర్టులో చెప్పించండి.

దెబ్బ తగలకముందే

మీ పార్కులో కొక్కెం అరిగిందని ఇప్పుడే కనపడితే, వార్డు సచివాలయంలో ఎమెనిటీస్ (సదుపాయాల) సెక్రటరీకి ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకి అర్జీ పెట్టొచ్చు. పడిపోయేలా ఉన్న కట్టడాన్ని, చెట్టుని తొలగించమని, గొయ్యికి, చెరువుకి కంచె వెయ్యమని ఆదేశించే అధికారం అందులో ఉంది.

కాగితంలో కథ అక్కర్లేదు. ఇలా రాయండి: "ఫలానా వార్డు పార్కులో తూర్పు వైపు రెండో ఊయల, ఎడమ గొలుసు పై కొక్కెం సగం అరిగి నోరు తెరుచుకుంది. కింద సిమెంటు పలకలున్నాయి. ఫొటోలు జతపరిచాను. దీన్ని వెంటనే మూసివేసి బాగుచేయగలరు. దీనివల్ల ఎవరికైనా గాయమైతే ఈ విషయం తమకి ఈ రోజు నుంచి తెలిసినట్టే." కింద తేదీ. రెండు కాపీలు. రెండో దాని మీద ఆఫీసు ముద్ర, ఇన్‌వార్డు నంబరు.